దిగిపొమ్మన్న మనిషి

“వాసుదేవరావు గారూ, ఈసారి మీరు దిగిపోండి.”

బోర్డు మీటింగ్‌లో కాఫీ తాగుతున్న వాళ్ళంతా తలెత్తి చూశారు.

ఆ మాట అన్నది శ్యామ్‌సుందర్. ఒహాయో నుంచి ఈ ఊరికి, ఫార్మింగ్టన్ హిల్స్‌కి వచ్చి ఏడాది కూడా కాలేదు. బోర్డులో ఎవరో మానేస్తే ఆ ఖాళీలో తీసుకున్నారు. మీటింగుల్లో అతను నోరు విప్పడం అదే మొదలు.

వాసుదేవరావు తన చెవుల్ని తనే నమ్మలేకపోయాడు.

ఆ తెలుగు సంఘం పుట్టిందే అతని ఇంటి బేస్‌మెంట్‌లో, 1976లో. వారమంతా కార్ల కంపెనీలో ఇంజనీరు ఉద్యోగం, వీకెండ్ వస్తే సంఘం. అప్పటినుంచీ ప్రెసిడెంటు అతనే. ఎన్నికల ఊసు ఎప్పుడూ రాలేదు.

ఈమధ్య ఊళ్ళోకి కొత్త కుటుంబాలు చాలా వచ్చాయి. శ్రీధర్ అనే కుర్రాడు వాళ్ళ తరఫున మాట్లాడుతున్నాడు. పిల్లలకి తెలుగు క్లాసులు పెట్టాలి, బోర్డులో ఆడవాళ్ళు ఉండాలి, ఎన్నికలు జరగాలి అంటున్నాడు. కాదంటే వేరే సంఘం పెట్టుకుంటామని చెప్పేశాడు.

“పోయేవాళ్ళని పోనివ్వండి,” అన్నాడు వాసుదేవరావు.

“సగంమంది పోతారు సార్. మిగతా సగం మెల్లగా వాళ్ళ వెనకే పోతారు.”

“మీకు ప్రెసిడెంట్ కావాలనుంటే ఆ మాటే చెప్పండి!”

“నాకే పోస్టూ వద్దండీ. శ్రీధర్‌కి ఇవ్వండి. మీరే పిలిచి ఇవ్వండి.”

వాసుదేవరావు అందరి మొహాలూ చూశాడు. ఎవరూ కాదనలేదు.

“సరే, మీరే ఏలుకోండి!” అని కోటు తీసుకుని బయటికి వచ్చేశాడు.

“నిన్నగాక మొన్న వచ్చినవాడు నన్ను వెళ్ళగొట్టాడు,” అన్నాడు ఇంటికొచ్చి భార్య ప్రమోదతో.

శ్రీధర్ ప్రెసిడెంటు అయ్యాక, మార్చి నెలలో ఒక శనివారం శ్యామ్‌సుందర్ వచ్చి కాలింగ్ బెల్ కొట్టాడు.

వాసుదేవరావు తలుపు సగమే తెరిచాడు. “ఇంకా ఏమన్నా మిగిలిందా?”

“ఉగాది ప్రోగ్రామ్‌కి మీరు రావాలండీ.”

“దేనికి? శ్రీధర్‌కి చప్పట్లు కొట్టడానికా?”

“అవును సార్. మీరు రాకపోతే పాతవాళ్ళెవరూ రారు. కొత్తగా వచ్చిన కుర్రాడు ఒక్కడే సంఘాన్ని ఏం నిలబెడతాడు?”

వాసుదేవరావు తలుపు వేసేశాడు.

“అంత మంచులో పడి వచ్చిన మనిషిని లోపలికి రమ్మనైనా అనలేదేంటండీ?” అంది ప్రమోద.

ఉగాదినాడు ఆమె పట్టుచీర కట్టుకుని వెళ్ళి కార్లో కూర్చుంది. డ్రైవ్ చెయ్యక తప్పలేదతనికి.

స్కూల్ ఆడిటోరియంలో పాతవాళ్ళు వెనక గోడవారగా నిలబడి ఉన్నారు. వాసుదేవరావు ముందు వరసలోకి వెళ్ళి కూర్చోగానే వాళ్ళూ ఒక్కొక్కరే కోట్లు విప్పి కూర్చున్నారు.

శ్రీధర్ స్టేజీ దిగి పరిగెత్తుకొచ్చాడు.

“థాంక్స్ రావుగారూ. టెన్షన్‌తో చచ్చిపోతున్నాను. స్పీచ్‌తో స్టార్ట్ చెయ్యమంటారా?”

“ముందు పిల్లల డాన్స్ పెట్టవయ్యా. స్పీచ్ తర్వాత. చిన్నది.”

శ్రీధర్ అలాగే చేశాడు. ప్రెసిడెంటు కాకపోయినా తన మాట చెల్లినందుకు వాసుదేవరావుకి లోపల ఎక్కడో బాగానే ఉంది.

వేరే సంఘం మాట మళ్ళీ వినపడలేదు. ఆదివారాలు తెలుగు క్లాసులు మొదలయ్యాయి. రెండేళ్ళకి శ్రీధర్ తనంతట తనే తప్పుకున్నాడు. ఎన్నికల్లో రేణు అనే డాక్టరు గెలిచింది. ఎవరూ అలగలేదు.

వాసుదేవరావు మాత్రం శ్యామ్‌సుందర్‌తో మాట్లాడలేదు. ఎదురుపడితే పక్కవాళ్ళని పలకరిస్తున్నట్టు మొహం తిప్పుకునేవాడు. శ్యామ్‌సుందర్ మాత్రం ఎప్పుడూ నమస్కారం పెట్టేవాడు.

1987 చలికాలంలో ఒక ఉదయం రేణు ఫోన్ చేసింది.

“శ్యామ్‌సుందర్ గారు పోయారండీ. హార్ట్ ఎటాక్.”

వాసుదేవరావు ఫోన్ పెట్టేసి ప్రమోదని పిలిచాడు.

ఫ్యూనరల్ హోమ్‌లో శ్యామ్‌సుందర్ భార్య విద్య శవపేటిక పక్కన కూర్చుని ఉంది. వాసుదేవరావు వెళ్ళి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

“ఆరోజు ఆయన ఆ మాట అనకపోతే మా సంఘం చీలిపోయేదమ్మా,” అన్నాడు. “ఈ సంగతి ఆయనతోనే చెప్పాల్సింది.”

“మీమీద ఆయనకేం కోపం లేదండీ,” అంది విద్య. “ఒహాయోలో మా ఊళ్ళోనూ ఒక తెలుగు సంఘం ఉండేది.”

“ఉండేదంటే? ఇప్పుడు లేదా?”

“లేదండీ. పెట్టినాయన ఏళ్ళ తరబడి ప్రెసిడెంటుగా ఉండిపోయారు. దిగమన్న ప్రతివాళ్ళూ ఆయనకి శత్రువుల్లా కనిపించారు. ఒక్కో కుటుంబమే తప్పుకుంది. ఆఖరి ఉగాదికి, పులిహోర అంతా అలాగే ఉండిపోయింది. అంత పెద్ద హాల్లో ఇద్దరే కూర్చున్నారు.”

“ఎవరమ్మా ఆ ఇద్దరూ?”

విద్య భర్తవైపు చూసింది.

“సంఘం పెట్టినాయనా, నేనూ.”