మూడో బంతి

మూడు బంతుల్లో ఒక్కటీ లేవలేదు.

"ఇంకోసారి పీల్చవ్వా," అంది జెసింతా.

పేచ్చియమ్మ గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చింది. ఊపిరి బలం చూసే ప్లాస్టిక్ డబ్బాలో మొదటి బంతి కొంచెం వణికి కూలబడింది. వెంటనే దగ్గు తెర. అది ఆగేలోపు నర్సు జెసింతా ఇంకో ఇద్దరికి మందులిచ్చి పంపేసింది.

పేచ్చియమ్మ రాళ్ళు పగలగొట్టే క్రషర్ దగ్గర ఇరవై ఆరేళ్ళు గంపలతో కంకర మోసిన మనిషి. ఆ దుమ్ము ఒకసారి లోపలికెళ్తే బయటికి రాదు. దానికి మందు లేదు. కాగితాల మీద మాత్రం టీబీ అని రాస్తారు. టీబీకైతే క్రషర్ యజమాని ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు మరి.

జెసింతా ఆమెకు అబద్ధం చెప్పలేదు. దుమ్ము పోదు, మిగిలిన ఊపిరినైనా కాపాడుకోవాలి, దానికి రోజూ అరగంట పాడమంది. పాడే మనిషి లోతుగా పీల్చి మెల్లగా వదులుతుంది, ఆయాసం అదుపులో ఉంటుంది, మనసు తేలికపడుతుంది, నిద్ర పడుతుంది అని చెప్పింది. ఏ పాటైనా సరేనంది.

"నాకొచ్చింది ఒక్క రకమే. ఒప్పారి."

జెసింతా నవ్వబోయి ఆగింది. చావింట్లో పాడే ఏడుపు పాట అది. జోలపాట రాదా, సినిమా పాట రాదా అని అడిగింది. పిల్లలు పుట్టలేదు గనక జోలతో పని పడలేదని, సినిమాకి పోయే తీరిక క్రషర్ ఇవ్వలేదని పేచ్చియమ్మ చెప్పింది. తనకు ఒక్కటే కావాలంది. ఒక ఒప్పారి మొదటి నుంచి చివరిదాకా తెగకుండా పాడాలి, ఒక్కదాన్నే పాడాలి.

"ఎప్పుడు?"

"ఆవణి నెలలో."

"చావు నెల చెప్పి వస్తుందా అవ్వా?"

"ఇది చెప్పే వస్తుంది," అంది పేచ్చియమ్మ, గొట్టాన్ని కొంగుతో తుడుస్తూ.

ఒప్పారి ఒక్కరు పాడేది కాదు. ఆడవాళ్ళు గుండ్రంగా కూచుని ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుంటారు. ఒకావిడ చరణం ఎత్తుకుంటే మిగతావాళ్ళు వంత పాడతారు. ఆ సందులోనే ఎత్తుకున్నావిడ ఊపిరి తీసుకుంటుంది. పేచ్చియమ్మ గుంపులో ఇసక్కి, మాడత్తి, శెంబకం, చెల్లత్తాయి ఉండేవాళ్ళు. అయిదుగురూ ఒకే క్రషర్ మనుషులు. నలుగురి చావుకీ పేచ్చియమ్మే పాడింది. పాడిన ప్రతిసారీ గుంపులో ఒక మనిషి తగ్గింది. చెల్లత్తాయికి పాడేనాటికి భుజం మీద ఒక్క చెయ్యీ లేదు. సగంలో దగ్గొచ్చి పాట తెగింది. తెగిన పాటతోనే ఆమెను సాగనంపారు.

పేచ్చియమ్మ ఇంట్లో పాడటం మొదలుపెట్టిన మూడో రోజు పక్కింటి వళ్ళి తలుపు బాదింది.

"అత్తా, నా కూతురు నెలలు నిండి ఉంది. పొద్దున్నే ఎవరి శవాన్ని లేపుతున్నావ్?"

నర్సమ్మ పాడమందని చెబితే, ఆ నర్సమ్మ ఇంటి ముందే పాడుకోమంది. బతికున్నవాళ్ళ పేరు ఒప్పారిలో పడితే ఎంత చెడ్డదో తెలుసా అని కూడా అడిగింది.

"తెలుసు. అందుకే పేరు దగ్గర ఖాళీ వదులుతున్నా."

నిజమే. పేరు రావలసిన చోట ఆమె మూలిగి వదిలేస్తోంది. ఖాళీలో పడబోయే పేరెవరిదని వళ్ళి నిలదీస్తే "పెద్దింటిది" అన్న ఒక్క మాటే బయటికొచ్చింది. వళ్ళికి అది చాలు. క్రషర్ యజమాని తంగదురైని గుండె నొప్పితో మధురై ఆసుపత్రికి తీసుకెళ్ళి, రెండు వారాల కిందటే కారులో వెనక్కి తెచ్చారు. సాయంత్రానికల్లా వీధంతా ఆయనకు రోజులు లెక్కపెట్టేసింది.

పేచ్చియమ్మ పాడే చోటు మార్చుకుంది. తవ్వి వదిలేసిన క్వారీ గుంత అంచున కూచునేది. అక్కడ వద్దనేవాళ్ళు లేరు, వినేవాళ్ళూ లేరు. ఆమె చరణం పాడితే ఎదుటి బండ అదే తిప్పి పలికేది. ఇన్నేళ్ళకు ఆమెకు వంత దొరికింది, అదీ రాతి దగ్గర. పాడుతూ పాడుతూ ఒక్కోసారి అలవాటుగా పక్కకి చెయ్యి చాపేది. ఏమీ తగిలేది కాదు. చెయ్యి ఒళ్ళోకి తీసుకునేది.

ఆవణికి ముందొచ్చే ఆడి నెల సగంలో మొదటి బంతి లేచింది. నెలాఖరుకు రెండోదీ లేచింది. మూడోది మాత్రం కదల్లేదు.

ఆవణి పదో రోజు పొద్దున వళ్ళి రొప్పుతూ వచ్చింది. పెద్దింటి ముందు కార్లే కార్లట, పూలదండలు బుట్టలకు బుట్టలు దించుతున్నారట. ఏడుపు మాత్రం వినపడలేదట. డబ్బున్నోళ్ళు ఏడవరు కాబోలు అంది.

పేచ్చియమ్మ నీళ్ళు తాగి, జెసింతా ఇంటికిచ్చి పంపిన డబ్బా గొట్టం అందుకుంది. మూడో బంతి సగం దాకా లేచి అక్కడే ఊగింది. ఇక చాల్లే అనుకుని బయల్దేరింది.

గేటు దగ్గర వాచ్‌మన్ సుడలై అడ్డం నిలబడ్డాడు.

"పిన్నీ, ఇవాళొద్దు. వెళ్ళిపో."

"మీ అయ్యకి పాడిందెవర్రా?"

సుడలై తండ్రిదీ క్రషర్ చావే. అతను చిన్న గేటు గడియ తీసి మొహం అటు తిప్పుకున్నాడు.

వాకిలి నిండా తెల్ల పంచెలు. పేచ్చియమ్మ జుట్టు విప్పుకుని నేల మీద కూచుంది. భుజాల మీద ఏ చెయ్యీ లేదు. రొమ్ము మీద కొట్టుకుని ఎత్తుకుంది.

"కొండను పిండి చేసిన దొరా, ఆ పిండి ఎవరికి పెట్టావయ్యా,
ఇసక్కికి పెట్టావు, మాడత్తికి పెట్టావు,
శెంబకం కడుపారా తిని పడుకుంది,
చెల్లత్తాయి ఇంకా లేవలేదు, ఓ తంగదురయ్యా..."

ఖాళీలో పేరు పడింది. ఎవరో రెక్క పట్టుకుని లాగారు. ఆమె కదల్లేదు. వంత కూడా తానే పాడింది. దగ్గు గొంతు దాకా వచ్చి వెనక్కి పోయింది. చివరి మాట దాకా పాట తెగలేదు.

షష్టిపూర్తి దండ మెడలో ఉన్న తంగదురై రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.