పదిహేడో నంబరు జత

పాత రేసుకారు వెనక చక్రం ఒకటి జాకీ మీద లేచి ఉంది.

ముసలాయన ఎవరినీ అడక్కుండా దాన్ని రెండు చుట్లు తిప్పాడు. వంగి, బండి కింద షాఫ్ట్ ఎన్నిసార్లు తిరిగిందో చూశాడు.

"నాలుగు చుట్లు కూడా లేవు నాయనా. ఈ గేరుతో కొండ రేసుకా?"

షెడ్డు మేస్త్రీ తలెత్తాడు. ముసలాయనది బోసినోరు. చంకలో గోనె మూట.

"చూశావా," అన్నాడు వెల్డరుతో, "నోట్లో పళ్ళు రాలిపోయాయి గానీ, బండిలో పళ్ళు లెక్కపెడుతున్నాడు!"

వెల్డరు పగలబడి నవ్వాడు. మాటకు మాట ముడిపెట్టనిదే మేస్త్రీకి అన్నం అరగదు.

"ఇది చదును రోడ్డు మీద పరిగెత్తే గేరు," అన్నాడు ముసలాయన. "షాఫ్ట్ ఐదు చుట్లు దాటాలి. అప్పుడే మలుపుల్లో లాగుతుంది."

ఆ సంగతి మేస్త్రీకీ తెలుసు. ఆ గేరు ఎక్కడా దొరకలేదన్నదే అతని గుబులు.

నాన్న తన చేతులతో కట్టిన బండి అది. యజమానులు మారినా షెడ్డు మారలేదు. ఈ ఆదివారం కొండెక్కకపోతే దాన్ని తన హోటలు ముందు బొమ్మలా నిలబెడతానని ఇప్పటి యజమాని తేల్చేశాడు.

కానీ తన బాధను దారినపోయేవాడు చదివి వినిపిస్తే ఎవరికి మండదు?

"బండి సంగతి నాకొదిలెయ్ తాతా. ముందు నీ దీపం కొండెక్కకుండా చూసుకో."

ముసలాయన కూడా నవ్వాడు. అతని చూపు బల్ల మీద, కాగితాలు ఎగిరిపోకుండా పెట్టిన చిన్న పళ్ళచక్రం మీద, షాఫ్ట్ చివర బిగించే ఎనిమిది పళ్ళ పినియన్ మీద ఆగింది.

"దీంతో తిరిగే పెద్ద చక్రం, క్రౌన్, ఏది?"

"ఎవడో దొంగ ఎత్తుకుపోయాడు. రెండూ కలిపి నూరిన జత అది. ఒకే నంబరు ఉండాలి. ఇంకోదానితో బిగిస్తే ఊరంతా వినేలా ఏడుస్తుంది. అందుకే ఇది నా కాగితాలకు కాపలా కాస్తోంది."

"దొంగ అని ఎవరన్నారు?"

"మా నాన్న. పేరేంటని అడిగితే అదే పేరు చెప్పేవాడు. చచ్చేదాకా."

"పోయాడా?"

"ఏడేళ్ళయింది. నీకెందుకు?"

ముసలాయన తడుముకుంటూ స్టూలు మీద కూర్చున్నాడు. లేచి, మూటను కాలితో బల్ల కిందికి జరిపాడు.

"మళ్ళీ మోయలేను నాయనా. ఖాళీ ఉన్నప్పుడు విప్పి చూడు."

"ఇక్కడున్న తుక్కు చాలకనా? మోయలేనివన్నీ పడేసిపోవడానికి ఇదేమైనా రైల్వే ప్లాట్‌ఫారమా?"

ముసలాయన అప్పటికే గేటు దాటాడు.

ఆదివారం బండి మూడో మలుపు దాకా మూలుగుతూ వెళ్ళింది. అక్కడ రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది. జనం దాన్ని తోసి పక్కన పెట్టారు.

సోమవారం హోటలు లారీ వచ్చింది.

బుధవారం వెల్డరు నెమ్మదిగా వచ్చి నిలబడ్డాడు.

"మేస్త్రీ, మొన్నటి బోసినోటి తాత... బస్టాండు పక్క లాడ్జిలో పోయాడట. నా అన్నవాళ్ళు ఎవరూ రాలేదని మున్సిపాలిటీ వాళ్ళే తీసుకెళ్ళారట."

మేస్త్రీ చేతిలోని స్పానర్ కింద పెట్టాడు.

వంగి బల్ల కింద మూట లాగాడు.

గోనె లోపల నూనెగుడ్డ. నూనెగుడ్డలో క్రౌన్. ఎక్కడా తుప్పు చుక్క లేదు. పళ్ళు లెక్కపెట్టాడు. నలభై ఒకటి.

నలభై ఒకటిని ఎనిమిదితో భాగించాడు. ఐదు దాటింది.

అంచు మీద చెక్కిన నంబరు పదిహేడు. చూడక్కర్లేకపోయినా బల్ల మీది పినియన్ తిప్పి చూశాడు. పదిహేడు.

క్రౌన్‌కు తీగతో కట్టిన అట్టముక్క మీద నాన్న చేతిరాత ఉంది: "తమ్ముడూ, మన పంతం చల్లారేదాకా ఆ సగం నా దగ్గర, ఈ సగం నీ దగ్గర; నువ్వు తిరిగొచ్చిన రోజే మన బండి కొండెక్కాలి."