ఓడ ముక్కు మీద సొట్ట

“ఛున్‌లాన్‌కి మతి చెడింది. మొగుడి పడవ కనబడకుండా పోయి డెబ్బై రోజులైనా పళ్ళెంలో చేపని తిరగెయ్యదు. పైకండ తిని, ముల్లు ఊడబీకి, అప్పుడు కింది కండ తింటుంది. అసలు పడవుంటే కదా తిరగబడ్డానికి!” అని పక్కింటి గుయ్‌ఫెన్ రేవంతా చెప్పుకొచ్చిందట. చెప్పిన గుయ్‌ఫెన్ కూడా తనింట్లో చేపని తిరగెయ్యదు. చేపని తిరగేస్తే పడవ తిరగబడుతుందని, ఆ దీవిలోనే కాదు, దక్షిణాది దాకా పడవ మీద బతికే ఏ ఇంట్లోనూ తిరగెయ్యరు. అది వేరే సంగతి.

ఆ ఛున్‌లానే ఇప్పుడు రేవు హోటల్లో గుండ్రబల్ల ముందు కూర్చుని ఉంది. ఎదురుగా ఒక కాగితం, ఎర్రసిరా డబ్బా. కిటికీలోంచి ‘తెల్ల హంస’ కనబడుతోంది. పదకొండు అంతస్తుల విహార నౌక. డెబ్బై రోజుల కిందట పొగమంచు పట్టిన ఓ పొద్దున ఏదో చేపల పడవని గుద్ది, ముక్కు మీద గేదె పడుకునేంత సొట్టతో వచ్చింది. ఛున్‌లాన్ మొగుడు షుయ్‌గెన్ వేటకెళ్ళి తిరిగి రానిది కూడా ఆ పొద్దునే. ఇప్పుడు సొట్ట తీశారు, రంగేశారు, మూతికి ఎర్రపట్టు పువ్వు కట్టారు. మూడు గంటలకి మళ్ళీ మొదటి ప్రయాణం. జనం పెట్టెలు లాక్కుంటూ ఎక్కేస్తున్నారు.

అడ్డం ఒక్కటే. ‘ఆ ఓడ గుద్దింది మా ఆయన పడవనే’ అని ఛున్‌లాన్ పెట్టిన ఫిర్యాదు. ఈ కాగితం మీద వేలిముద్ర వేసి దాన్ని ఆమె వెనక్కి తీసుకుంటే తప్ప ఓడ కదలకూడదంది రేవు ఆఫీసు.

“మీరు సాక్ష్యం అడిగారు, నేను మనిషినే తెచ్చానక్కా,” అన్నాడు ఓడ కంపెనీ మేనేజరు టాంగ్, షాంఘై మనిషి. “మా ఓడ గుద్దింది ఈయన పడవని. సరంగు చియు. దక్షిణాది వాడు.”

చియు లేచి దణ్ణం పెట్టాడు. మాడిన మొహం, పగిలిన అరచేతులు, గాలికి అరిచి అరిచి గరుకెక్కినట్టున్న గొంతు.

నలభై ఏళ్ళు సరంగు చేసిన ఆఫా తాత అతన్ని ఎగాదిగా చూశాడు. “ఓడ కూత వినబడలేదా నీకు?”

“వినబడింది పెద్దాయనా. ఏ పక్కనుంచో తెలిస్తే కదా! మంచులో చెవులు కూడా గుడ్డివే.”

ఆఫా తాత తలూపాడు.

“అందరూ బతికారా అన్నా?” అడిగింది ఛున్‌లాన్.

“అయిదుగురం మునిగాం, అయిదుగురం తేలాం చెల్లెమ్మా. తాళ్ళ నిచ్చెన దించితే పట్టుకుని ఎక్కాం.”

“ఇంకో పడవేమైనా కనబడిందా? ఆకుపచ్చ గది, ముందర రెండు పెద్ద కళ్ళు గీసుంటాయి.”

“లేదమ్మా. మేం తప్ప సముద్రం ఖాళీ.”

ఛున్‌లాన్ గుండెల నిండా ఊపిరి పీల్చింది. డెబ్బై రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది కూడా. “అయితే మా ఆయన్ని ఏ ఓడా తొక్కలేదు. ఇంజను చెడి ఏ కొరియా ఒడ్డుకో కొట్టుకుపోయి ఉంటాడు. నా పుట్టినరోజే గుర్తుండదు, ఫోన్ నంబరేం గుర్తుంటుంది ఆయనకి!”

“ఏ కొరియా పిల్ల తలుపు తీసిందో,” గొణిగింది పక్క కుర్చీలోని గుయ్‌ఫెన్.

“తియ్యనీవే. బతికుంటే చాలు. వచ్చాక కాళ్ళు నేను విరగ్గొడతాను.”

బల్ల చుట్టూ నవ్వులు. ఛున్‌లాన్ బొటనవేలు సిరాలో ముంచింది. సరిగ్గా అప్పుడే హోటలామె అల్లం, ఉల్లికాడలు వేసి ఆవిరి మీద ఉడికించిన మూరెడు పసుపు చేపని తెచ్చి బల్ల మధ్యన పెట్టింది.

“ముందు వేలిముద్ర కానియ్యక్కా,” అన్నాడు టాంగ్ గడియారం చూసుకుంటూ.

“ఓడ ఆగుతుంది గానీ చేప చల్లారకుండా ఆగదయ్యా,” అని ఆఫా తాత తినే పుల్లలు అందుకున్నాడు.

తలా ఒక ముక్క తీసుకునేసరికి పైకండ అయిపోయి ముల్లు తేలింది. ఛున్‌లాన్ మాత్రం ఎర్రవేలు కాగితానికీ బట్టలకీ అంటకుండా పైకి పట్టుకుని అలాగే కూర్చుంది. చియు అది గమనించాడు.

“అయ్యో, నువ్వేం తిన్లేదు చెల్లెమ్మా! వేలికి సిరా ఉందిగా, ఉండు, నేను పెడతాను. కింది కండ ఇంకా మెత్తగా ఉంటుంది.”

ఆప్యాయంగా వంగాడు. తల కింద ఒక పుల్ల, తోక కింద ఒక పుల్ల దూర్చి, చేపని ఒక్క ఊపున తిరగేశాడు. పులుసు చింది కాగితం మీద పడింది.

గుయ్‌ఫెన్ నోట్లో ముద్ద నోట్లోనే ఆగిపోయింది. ఆఫా తాత చేతిలో పుల్లలు జారి నేల మీద పడ్డాయి. హోటలామె గుమ్మంలోనే ఇంకో పళ్ళెంతో నిలబడిపోయింది. చియు మాత్రం తాపీగా కింది కండ విడదీసి, మంచి ముక్క ఏరి, ఛున్‌లాన్ గిన్నెలో పెట్టాడు.

ఛున్‌లాన్ ఆ ముక్కని చూడలేదు. తిరగబడి పడున్న చేపని చూస్తోంది. బయట తెల్ల హంస గట్టిగా కూత పెట్టింది. ఆమె బొటనవేలిని నెమ్మదిగా తన చొక్కా చేతికే తుడుచుకుంది, ఒకసారి, రెండుసార్లు, సిరా పూర్తిగా పోయేదాకా.

టాంగ్ అందరి మొహాలూ చూశాడు. చియు వైపు చూశాడు. ఏమీ బోధపడలేదు.

“ఏమైందక్కా? చేప బాగోలేదా?”

“చేప బాగానే ఉంది సారూ. ఈయన జన్మలో పడవెక్కలేదు. మరి మీ ఓడ తొక్కింది ఎవర్ని?”