సిరా పడిన వేలు

పోలింగ్ ముగియడానికి ఇంకాసేపే ఉంది. బడిలోని ఆ తరగతి గదిలో వరస పలచబడింది.

సిరా పూసే కుర్రాడు మాత్రం ఇంకా తన వేలే చూసుకుని మురిసిపోతున్నాడు. ఇరవై ఏళ్ళవాడు. పొద్దున్నే మొట్టమొదటి ఓటు తనదే. పైగా ఈ ఒక్కరోజు ఉద్యోగం! సిరా బుడ్డి చేతికొచ్చిన దగ్గర్నుంచి మనవాడి కాళ్ళు నేలమీద ఆనడం లేదు.

"మామ్మగారూ, వేలు చాపండి."

నల్లకళ్ళద్దాల మామ్మగారు వేలు చాపింది. సిరా పూసి, ఓటు కాగితం చేతిలో పెట్టాడు. పక్కనున్న మనవరాలు ఆవిడ మోచెయ్యి పట్టుకుని అట్టల చాటుకి నడిపించబోయింది.

"ఆగాగు! నువ్వెక్కడికి?"

"అమ్మమ్మకి చూపు లేదండీ. తను చెప్పిన చోట ముద్ర వెయ్యాలి."

"నీ వయసెంత?"

"పదహారు."

"కుదరదు. తోడెళ్ళేవాళ్ళకీ ఓటుండాలి. అది రూలు."

"రోజూ పేపరు చదివి వినిపించేది నేనే. మందులిచ్చేది నేనే. బ్యాంకుకి తీసుకెళ్ళేదీ నేనే. ముద్ర ఒక్కటే వెయ్యలేనా?"

కుర్రాడు వెనక్కి వాలి నవ్వాడు. "పాలబుగ్గల పిల్లవి, నీకెందుకమ్మా ఓట్ల గొడవ? పోయి చదువుకో."

"ఎక్కడ చదువుకోను? ఇది నా క్లాసే. మీరు కూర్చున్నది నా బెంచీ."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. కుర్రాడికి చిర్రెత్తుకొచ్చింది.

"నోరు బాగానే ఉందే!"

"మా బడి బస్సు ఆపేసినప్పుడు మా వయసు ఎవరూ అడగలేదు. ఓటు దగ్గర మాత్రం అడుగుతారు." పిల్ల తల దించలేదు.

"సరే మామ్మగారూ, నేనొస్తాను తోడు. ఎవరికో నా చెవిలో చెప్పండి, చిటికెలో అయిపోతుంది" అన్నాడు కుర్రాడు.

"రహస్యమంటూ అట్టలు కట్టి, నీ చెవిలో ఊదమంటావా బాబూ?" మామ్మగారు నవ్వింది. "ఇంతకీ నీకెన్నేళ్ళు?"

"ఇరవై."

"ఓటేశావా?"

"అందరికంటే ముందు!"

"ఇరవై ఏళ్ళవాడివి, నీకేం తెలుసని ఎవరూ అనలేదూ?"

"ఎందుకంటారండీ? అది నా హక్కు!"

"భేష్. ఎప్పుడూ మానకు నాయనా."

ఆవిడ బల్ల తడుముకుని, ఓటు కాగితం దానిమీద పెట్టేసింది.

"దీని చెయ్యి పనికిరాని చోట నా ఓటు మాత్రం ఎందుకు? నీ దగ్గరే ఉంచుకో."

"బాగా ఆలోచించుకోండి. సిరా పడిపోయింది, మళ్ళీ రానివ్వరు."

"వద్దు అమ్మమ్మా, నాకోసం ఓటు పోగొట్టుకోకు" అంది పిల్ల కంగారుగా.

"పోనీవే. నీకూ ఓటొచ్చాక ఇద్దరం కలిసి వద్దాం."

ఆవిడ సిరా వేలు పైకెత్తి వరసలోవాళ్ళకి చూపించింది. "చూడండర్రా, వెయ్యని ఓటుకి సిరా!" అంటూ మనవరాలి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

'అబ్బో, ఎంత పొగరు!' అనుకున్నాడు కుర్రాడు.

రేపో మాపో రిటైరవబోయే ఆఫీసరమ్మ పక్కగదిలోంచి వచ్చి, బల్లమీది కాగితం చూసింది.

"ఇది ఎవరిది?"

"ఎవరో మొండి ముసలావిడ మేడం. పదహారేళ్ళ మనవరాలు ముద్ర వెయ్యాలట! కుదరదన్నానని అలిగి వెళ్ళిపోయింది."

"నల్లకళ్ళద్దాలా?"

"అవును మేడం."

ఆఫీసరమ్మ వరండాలోకి పరుగెత్తింది. అప్పటికే గేటు మూసేస్తున్నారు. వీధిలో ఎవరూ లేరు. తిరిగొచ్చి, కుర్రాడి సిరా వేలి వంక అలాగే చూస్తూ నిలబడింది.

"రూలు ప్రకారమే చేశాను మేడం" అని గొణిగాడు.

"రూలేనయ్యా, కాదనను. నా చిన్నప్పుడు రూలు ఇరవై ఒకటి. నీలాంటివాణ్ణి ఈ గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదు. పద్దెనిమిదికే ఓటివ్వాలని ఈ ఊరి బడిపిల్లలు రోడ్డెక్కారు. మా మేడమీంచి చూశాను. అందరికంటే ముందు నడిచిన పిల్లకి లాఠీదెబ్బలకి రెండు కళ్ళూ పోయాయి."

కుర్రాడు వేలు గుప్పిట్లో దాచుకున్నాడు.

"ఆ రోజుకి నీ మొండి ముసలావిడకి పదహారేళ్ళు."