అడుగు నీళ్లు

"ఆ పెంచలకృష్ణ మీద కేసు పెట్టాలి. చెప్పింది చెప్పినట్టు రాయి," అన్నాను, బడికి కొత్తగా వచ్చిన టీచరమ్మ వినీలతో.

చుట్టూ రొయ్యల గుంటల ఉప్పు ఊరి బావులన్నీ చెడిపోయినా, మా పెరటి బావి ఒక్కటే తియ్యగా మిగిలి ఉండేది. అందులో ఉప్పునీళ్లు అడుగున ఉండేవి, మంచినీళ్లు పాల మీద మీగడలా వాటి మీద తేలుతుండేవి. అందుకే చేదను ఎన్నడూ లోతుకు వదలకుండా పైపైనే తోడుకునేవాళ్లం.

ఆ బావిలోకి పెంచలకృష్ణ సబ్‌మెర్సిబుల్ మోటారు దించుతుంటే అరిచాను. "రేయ్, అడుగుదాకా దించబాకరా! ఉప్పు పైకొచ్చుద్ది."

"పైన కడితే నీళ్లు తగ్గినప్పుడు మోటారు కాలిపోద్ది. నువ్వేమన్నా మెకానిక్కువా అమ్మా?" అని నవ్వి, అడుగుదాకా దించేశాడు.

కొళాయి తిప్పగానే తియ్యటి నీళ్లే వచ్చాయి. వీధంతా బిందెలు తెచ్చి నింపుకుంది. నెల తిరగకముందే మా ఇంట అన్నం ఉప్పగా ఉడికింది. మోటారు తీయించి, మళ్లీ చేద వేశాను. పైనా ఉప్పే. మీగడ కలిసిపోయింది, ఇక విడదీసేవాడు లేడు.

"బావిని చంపినాడని రాయి!"

"రాశానవ్వా. అతని తండ్రి పేరు?"

పెళ్లయినప్పటి నుంచీ ఆ పేరు నా నోటితో పలకలేదు.

"లోపల దండేసిన పటం కింద ఉంది, చూసి రాసుకో," అన్నాను. "ఆ బావి తవ్వింది కూడా ఆయనే."

టీచరమ్మ కలం ఆగిపోయింది. "నీ కొడుకా అవ్వా?"

"నేను చేద తోడలేక భుజం పట్టుకుంటుంటే చూడలేక తెచ్చినాడు మోటారు. అది మాత్రం రాయబాక."