పదకొండో నంబరు

"బాబాయ్, నా ప్రొసీజర్ కరెక్టే. నీ రిజిస్టరే గలత్," అనేసింది బేబీ, సాబ్ ముందరే.

ఇరవై రెండేళ్లుగా మా కంపెనీలో డ్యూటీ చార్టు వేసేది నేను. ఎవరికి ఏ షిఫ్టో నాకు నోటికొచ్చు. కంప్యూటర్ సెక్షన్లో కొత్తగా చేరిన ఈ పిల్ల మూడు నెలలు నా పక్కన కూచుని, "ఇదేటి, అదేటి" అని అడిగి, నా రూల్సన్నీ డేటాబేసులో ప్రొసీజరుగా రాయడం నేర్చుకుంది. ఇప్పుడు కంప్యూటర్లో ఆ ప్రొసీజర్ని పేరు పెట్టి పిలిస్తే చాలు, నెల చార్టంతా వచ్చేస్తాది. అది మొదటిసారి పనిచేసిన రోజు మిఠాయి పంచింది నేనే.

సరిచూడ్డానికి పాత రిజిస్టర్లు తీసింది. ఒకే ఒక్క నంబరు మాత్రం కలవలేదు.

"తొంభై నాలుగులో ఏడాదంతా మంగళ, శుక్రవారాల్లో పదకొండో నంబరుకి సెకండ్ షిఫ్టే వెయ్యలేదు. ఏ రూలు ప్రకారం బాబాయ్?"

రిజిస్టర్లో మనుషుల నంబర్లే ఉంటాయి. పేర్ల కాగితం ఏనాడో చిరిగిపోయింది.

"ఎవరా పదకొండు?" అన్నాడు సాబ్.

"గుర్తు లేదు సాబ్."

రిజిస్టరు నా చేతిలోంచి తీసి బేబీకిచ్చేశాడు. రేపట్నుంచి చార్టు ఆమెదే.

సాయంత్రం గేటు దగ్గర బేబీ వాళ్ల నాన్న సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. అప్పట్లో కూతుర్ని వారానికి రెండు సాయంత్రాలు భిలాయి-3లో కంప్యూటర్ క్లాసుకి తీసుకెళ్లింది ఆ సైకిలు మీదే. ఆ రెండు రోజుల కోసం నా కాళ్లావేళ్లా పడ్డాడు.

"నాన్నా, ఈరోజు గోపాలం బాబాయ్ గలతీ పట్టుకున్నాను!"

"శభాష్ తల్లీ," అన్నాడు పదకొండో నంబరు, నావైపు చూడకుండా.