మోదుగపూల టోపీ

అక్కా, ఫోన్లో చెబుదామంటే నవ్వు ముంచుకొచ్చి మాట రావడం లేదు. అందుకే ఎన్నడూ లేనిది ఈ కార్డు రాస్తున్నాను.

మా కారేపల్లి చర్చి సంఘంలో పాటలు ఎత్తుకునే ఎబినేజర్ గారికి, ఈ చలికి ఊలు టోపీ అల్లి ఇచ్చాను. చుట్టూ మోదుగపూలు, చెవుల మీదికి మోదుగాకులు.

"ఏంది లిదియమ్మా, నెత్తి మీద అడివినే మొలిపిచ్చిన్రు గద! కోతులు ఎంటబడ్తే ఎట్ల?" అన్నారు.

"ఇష్టమైతే ఆదివారం మందిరానికి పెట్టుకొని రండి. లేకుంటే తిరిగిచ్చేయండి, ఏమీ అనుకోను," అన్నాను. అన్నానే గానీ, ఆదివారం దాకా నాకు అన్నం సయించలేదు.

ఆయన పెట్టుకునే వచ్చారు! ఆ సంబరంలో నా తల మీద కొంగు జారిందని కూడా చూసుకోలేదు.

ప్రార్థన మొదలైంది. ప్రార్థనలో ఆడవాళ్లు తల కప్పుకోవాలి, మగవాళ్లు తల మీద ఏదీ ఉంచుకోకూడదు కదా, ఆయన టోపీ తీయలేదు. పెద్దలు దగ్గారు.

"టోపీ తియ్యి ఎబినేజరూ," అన్నారు పాస్టరు అయ్యగారు.

"తీస్తే నేను వద్దన్ననని లిదియా అనుకుంటది అయ్యగారూ!"

అందరి ముందూ, 'అమ్మ' లేకుండా!

అంతటితో ఆగారా? ఆడవాళ్ల వైపు వచ్చి, ఆ టోపీ తీసి నా తలకు చెవుల దాకా దించేశారు. "ఇగ కానియ్యుండ్రి ప్రార్థన," అన్నారు.

ఇద్దరమూ తోడు పోయినవాళ్లమే. పెళ్లి మాట నోటితో అడగలేక టోపీ అల్లానక్కా. వచ్చే ఆదివారం మందిరంలో పెళ్లికి మా పేర్లు ప్రకటిస్తారు.

ఈ కార్డు దాచుకో, ఎవరికీ చూపించకు. పోస్టుమాన్ ఎలాగూ చదివేసే ఉంటాడు.